మూడు నిమిషాలు మాట్లాడాను, కౌన్సిల్ ఒక్క మాట కూడా బదులు చెప్పలేదు: తరువాత ఏం చేయాలి?

ప్రశ్న: కాలిబాట

అందరికీ నమస్కారం. మేము టెక్సస్‌లోని ఒక మధ్యస్థాయి నగరంలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాము. మా ఇళ్ల సముదాయానికీ, ఎదుటి వైపున ఉన్న గ్రంథాలయం, ప్రాథమిక పాఠశాలలకూ మధ్య నాలుగు వరుసల రోడ్డు ఉంది. నడుమ ఎడమవైపు తిరిగే వాహనాల కోసం వదిలిన వరుసను కూడా కలుపుకుంటే అయిదు. వేగపరిమితి గంటకు 40 మైళ్లు. అన్నిటికంటే దగ్గరి సిగ్నల్ పావు మైలు దూరంలో ఉంది. అక్కడిదాకా నడిచి, రోడ్డు దాటి, మళ్లీ అంత దూరమూ వెనక్కి నడిచే ఓపిక పెద్దవారికీ ఉండదు, బడిపిల్లలకూ ఉండదు కనుక అందరూ ఉన్నచోటనే దాటుతున్నారు. మా అత్తగారు చేతికర్రతో ఆ రోడ్డు దాటడానికి ఎంతసేపు పడుతుందో ఒకనాడు ఫోనులో చూశాను. 27 సెకన్లు పట్టింది. ఆవిడ నడిమి వరుసకు చేరేసరికి, బయలుదేరినప్పుడు కనుచూపు మేరలో లేని కారు వచ్చి హారన్ కొడుతోంది.

ఈ విషయం చెప్పుకోవడానికి మొన్న మొదటిసారిగా సిటీ కౌన్సిల్ సమావేశానికి వెళ్లాను. గుమ్మం దగ్గర స్పీకర్ కార్డు నింపి ఇచ్చాను. నా వంతు నాలుగవది. నాకంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి పక్కింటి కుక్క అరుపుల గురించి ఎంతో వివరంగా చెప్పారు. నేను రెండు పేజీలు రాసుకుని వెళ్లి, మేము ఆ ఇల్లు ఎలా కొనుక్కున్నామో, పొరుగు ఎంత మంచిదో అన్న దగ్గర మొదలుపెట్టి చదువుతుండగానే, నాకిచ్చిన మూడు నిమిషాలు ముగియవస్తున్నాయని బల్ల మీది పచ్చదీపం పసుపయింది. సిగ్నల్ కావాలన్న మాట రెండవ పేజీ చివరన ఉంది. అక్కడికి చేరకముందే ఎర్రదీపం వెలిగి గంట మోగింది. మేయరు గారు "ధన్యవాదాలు" అని తరువాతి వ్యక్తిని పిలిచారు. వేదిక మీద ఉన్న ఏడుగురిలో ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు, ఒక్క మాట బదులివ్వలేదు. ఒకరైతే కాగితాలు తిరగేస్తూనే ఉన్నారు. చెవిటివాని ముందు శంఖం ఊది వచ్చినట్లయింది.

నాకు మూడు సందేహాలు ఉన్నాయి. ఆ మౌనం ఏదైనా నియమం ప్రకారం పాటించేదా, లేక మావంటి వారిని పట్టించుకోకపోవడమా? మళ్లీ వెళ్లి అదే మాట చెప్పడం వల్ల ప్రయోజనం ఉంటుందా? మా అత్తగారికి ఇంగ్లీషు రాదు; అయినా తానే వచ్చి మాట్లాడతానని పట్టుబడుతున్నారు. తెలుగులో మాట్లాడనిస్తారా?

సమాధానం: పాత రాయసం

నేను అదే రాష్ట్రంలో, మరొక నగరంలో, సిటీ సెక్రటరీ కార్యాలయంలో చాలాకాలం పనిచేశాను. మీరు నింపిన కార్డులను వరుసలో పెట్టడం, దీపాలు వెలిగించడం, సమావేశంలో జరిగినది నమోదు చేసే మినిట్స్ రాయడం నా పనులే. కనుక ముందుగా మీ మనసు నొచ్చుకున్న విషయానికే జవాబు చెబుతాను.

ఆ మౌనానికి ప్రధాన కారణం చట్టం. టెక్సస్ బహిరంగ సమావేశాల చట్టం 1967 నుంచి ఉంది. కౌన్సిల్ ఏయే విషయాలు చర్చించబోతోందో ముందుగానే ఎజెండాలో ప్రకటించాలని, ప్రకటించని విషయం మీద చర్చ గానీ నిర్ణయం గానీ చేయరాదని దాని సారాంశం. ఎజెండాలో లేని సంగతిని పౌరులెవరైనా ఎత్తినప్పుడు సభ్యులు తమకు తెలిసిన వాస్తవ సమాచారం చెప్పవచ్చు, ఇప్పటికే అమలులో ఉన్న విధానం ఏమిటో చెప్పవచ్చు, లేదా ఆ సంగతిని రాబోయే సమావేశపు ఎజెండాలో చేర్చుదామని ప్రతిపాదించవచ్చు. అంతకు మించి "అవునండీ, అక్కడ సిగ్నల్ అవసరమే" అని ఒకరు అని, "కాదు, ఖర్చు ఎక్కువవుతుంది" అని మరొకరు అంటే అది ప్రకటన లేని చర్చ అవుతుంది. మీకు ఇది విడ్డూరంగా తోచవచ్చు గానీ, అవతలి పక్షం నుంచి ఆలోచించండి. ఆ రోడ్డు మీద మరొక సిగ్నల్ వద్దనేవారు ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని ఉంటారు. తమ పరోక్షంలో నిర్ణయం జరిగిపోకూడదన్న హక్కు వారికీ ఉంది. చట్టం ఇంతగా కట్టడి చేస్తుందని నగర న్యాయవాదులు పదేపదే హెచ్చరించడం వల్ల, చెప్పదగిన రెండు ముక్కలు కూడా చెప్పకుండా నోరు కట్టుకునే సభ్యులు ఎక్కువ. అది మాత్రం చట్టం తప్పు కాదు, అలవాటు. "మీ విన్నపం ఫలానా విభాగానికి పంపిస్తాము" అనడానికి ఏ అడ్డూ లేదు, మీ మేయరు గారు ఆ మాత్రం అని ఉండవలసింది.

సమావేశంలో మాట్లాడే అవకాశాలు రెండు రకాలు. ఈ తేడా తెలియక చాలామంది నష్టపోతారు. ఎజెండాలో ఉన్న అంశం మీద, దానిని కౌన్సిల్ పరిశీలించక ముందు గానీ పరిశీలిస్తుండగా గానీ మాట్లాడే హక్కును 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ద్వారా టెక్సస్ పౌరులందరికీ ఇచ్చారు. ఎజెండాలో లేని అంశాల మీద మాట్లాడనివ్వడం మాత్రం ఇక్కడ నగరం తనంతట తాను కల్పించే సౌకర్యమే. మీరు మాట్లాడింది ఈ రెండవ రకంలో. కాలిఫోర్నియాలో అలా కాదు. అక్కడి బ్రౌన్ చట్టం ప్రకారం, సాధారణ సమావేశాలలో కౌన్సిల్ పరిధిలోకి వచ్చే ఏ విషయం మీదనైనా మాట్లాడనివ్వవలసిందే. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రిక స్థానిక సంస్థల చాటుమాటు సమావేశాల గురించి వరుసగా కథనాలు వేస్తే, ఆ మరుసటి ఏడాది పుట్టిన చట్టం అది. ఏ రాష్ట్రంలోనైనా వినవలసిన బాధ్యత సంగతి వేరే. ప్రభుత్వ విధానాల విషయంలో తమ మాటను పాలకులు ఆలకించి తీరాలని కోరే రాజ్యాంగ హక్కు ప్రజలకు లేదని అమెరికా సుప్రీంకోర్టు 1984లో మిన్నెసోటా కళాశాలల కేసులో తేల్చింది. మాట్లాడే హక్కు మనది, ఆలకించే సంస్కారం వారిది.

ఇక చేయవలసిన పని. మీ లక్ష్యం మైకు దగ్గర మళ్లీ మూడు నిమిషాలు సంపాదించడం కాకూడదు. మీ రోడ్డు సంగతి ఎజెండాలో ఒక అంశంగా ఎక్కాలి. అందుకు మీ వార్డు సభ్యునికి ఒక పేజీ ఉత్తరం రాసి, దానిని ఎజెండాలో పెట్టమని స్పష్టంగా అడగండి. ఎందరు సభ్యులు కోరితే అంశం ఎక్కుతుందన్నది ఒక్కొక్క నగరంలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. మీ కౌన్సిల్ కార్యవిధాన నియమావళిలో రాసి ఉంటుంది, సెక్రటరీ కార్యాలయాన్ని అడిగితే ఇస్తారు. మీది సిటీ మేనేజర్ ఉన్న నగరమైతే, ఉద్యోగులు ఆయన కింద పనిచేస్తారు. కౌన్సిల్ సభ్యుడు నేరుగా ట్రాఫిక్ ఇంజనీరును పిలిచి పని పురమాయించడాన్ని అనేక నగరాల చార్టర్లు, అంటే నగర పాలన మూల నియమాలు, నిషేధించాయి కూడా. అందువల్ల ఉత్తరం ప్రతిని మేనేజరుకూ, ట్రాఫిక్ విభాగానికీ పంపండి.

ఉత్తరం అవసరం ఎందుకో నా పాత ఉద్యోగం నుంచి చెబుతాను. మినిట్స్‌లో ఏ విషయం చర్చకు వచ్చింది, ఏ ఓటు పడింది అన్నవి ఉంటే చట్టానికి చాలు. ఒకసారి ఒకావిడ తన కుమారుడికి జరిగిన ప్రమాదం గురించి మాట్లాడుతుంటే హాలు మొత్తం నిశ్శబ్దమైపోయింది, నా కళ్లు కూడా చెమ్మగిల్లాయి. ఆ రాత్రి నేను మినిట్స్‌లో రాసింది మాత్రం "పాదచారుల భద్రత గురించి ఒక నివాసి మాట్లాడారు" అన్న ఒక్క వాక్యమే. మూడు నెలల తరువాత ఆ ఫైలు తెరిచినవారికి ఆవిడ చెప్పినదాంట్లో ఏదీ కనబడదు. ఉత్తరమైతే ఫైలులో ఉంటుంది. సమావేశానికి ముందే అందితే సభ్యులకు పంపే కాగితాల కట్టలో కూడా చేరుతుంది.

రేపు అంశం ఎజెండాలోకి వచ్చి మళ్లీ మాట్లాడవలసి వస్తే, అడగదలచిన మాటను మొదటి వాక్యంలోనే అడగండి. ఇల్లు కొనుక్కున్న కథ ఇంట్లోనే ఉండనివ్వండి, ఏమీ అనుకోకండి. అందరికీ అర్థమయ్యేలా నిదానంగా చదవాలి కనుక మూడు వందల మాటలకు మించి రాసుకోవద్దు.

సమాధానం: వెనుక వరుస

పాత రాయసం గారు చెప్పిన విధివిధానాలన్నీ నిజమే. వాటికి నా అనుభవం ఒకటి చేర్చి, ఒక విషయంలో కొంచెం భిన్నాభిప్రాయం కూడా చెబుతాను.

మా ఇంటి వెనుక వాన నీటి కాలువ పూడిపోయి పెరట్లోకి నీరు వస్తుంటే నేను వరుసగా ఆరు కౌన్సిల్ సమావేశాలకు వెళ్లాను. నాకు వేదిక మీద ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటారో, ఎవరికి ఎప్పుడు ఆవలింత వస్తుందో కూడా తెలిసిపోయింది. ఆరవసారి బయటికి వస్తుంటే, వరండాలో ఒక ఉద్యోగి జాలిపడి, ఆ కాలువ నగరానిది కాదని, కౌంటీదని చెప్పాడు. అర్ధ సంవత్సరం పాటు నేను తప్పు తలుపు తట్టాను. కనుక అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ రోడ్డు ఎవరిది? నగరం మధ్యలో నుంచి పోతున్నా అది రాష్ట్ర రహదారి కావచ్చు. అప్పుడు సిగ్నల్ నిర్ణయం రాష్ట్ర రవాణా శాఖ చేతిలో ఉంటుంది, కౌన్సిల్ మహా అయితే సిఫారసు చేస్తుంది.

నా భిన్నాభిప్రాయం మైకు గురించి. మైకు దగ్గరకు వచ్చేవారే ఊరంతా అని సభ్యులు భ్రమపడరు, మనమూ పడకూడదు. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు మసాచుసెట్స్‌లో 97 నగరాలు, పట్టణాలలో గృహనిర్మాణం మీద జరిగిన సమావేశాల మినిట్స్ తిరగేసి, మాట్లాడిన వారిని వోటర్ల జాబితాతో సరిపోల్చి చూశారు. వయసులో పెద్దవారు, మగవారు, సొంత ఇల్లు ఉన్నవారు, చాలాకాలంగా అక్కడే ఉంటున్నవారు జనాభాలో తమ వాటాకు మించి మాట్లాడుతున్నారని తేలింది. సాయంత్రం ఏడు గంటలకు మూడు గంటలసేపు ఊరికే కూర్చోగలిగిన వారెవరో ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. మీ రోడ్డును రోజూ దాటేవారిలో అద్దె ఇళ్లవారు, రెండవ షిఫ్టు ఉద్యోగాలకు పోయేవారు, బడిపిల్లలు ఉంటారు. వారెవరూ ఆ హాలుకు రారు. మీరు వెళ్లి మీ కుటుంబం గురించి చెబితే అది ఒక కుటుంబం ఫిర్యాదుగా మిగిలిపోతుంది. దానికి బదులు, దాటేవారు ఎందరు, ఎవరు, ఏ వేళలో అన్న లెక్క తీసుకువెళితే, రాలేనివారి తరఫున కూడా మాట్లాడినట్లవుతుంది. పదిమందిని హాలుకు తోలుకువెళ్లి ఒకే మాట పదిసార్లు చెప్పించడం కంటే ఇది నయం. ఆ పదిసార్ల పద్ధతి కూడా నేను చూశాను. అయిదవ మనిషి లేచేసరికి వేదిక మీది ముఖాలు గోడలైపోతాయి.

కాలిబాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాత రాయసం గారు చెప్పింది చదివాక ఆ కాగితాలు తిరగేసిన పెద్దాయన మీద కోపం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది. నగరం వెబ్‌సైటులోని రోడ్ల పటం చూశాను. అది నగరం రోడ్డే. అయితే ట్రాఫిక్ విభాగానికి ఫోను చేస్తే, "సిగ్నల్‌కు వారంట్లు కుదరాలి" అన్నారు. వారంటు అంటే పోలీసులు తెచ్చేదే నాకు తెలుసు. రోడ్డుకు వారంటు ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

సమాధానం: జీబ్రా గీతలు

నేను వృత్తిరీత్యా ట్రాఫిక్ ఇంజనీరును; మీ నగరంతో సంబంధం లేదు. ఈ వారంటుకు పోలీసులతో పనిలేదు. సిగ్నల్ పెట్టడానికి తగిన కారణం ఉందని చూపే కొలమానాన్ని మా పరిభాషలో అలా అంటారు. దేశమంతటికీ వర్తించే ట్రాఫిక్ నియంత్రణ పరికరాల మాన్యువల్ ఒకటి ఉంది. దాని పదకొండవ కూర్పు 2023 డిసెంబరులో వచ్చింది. రాష్ట్రాలు దానినే యథాతథంగానో, కొద్ది మార్పులతోనో అమలు చేస్తాయి. అందులో సిగ్నల్‌కు తొమ్మిది వారంట్లు ఉన్నాయి. ఎనిమిది గంటల వాహనాల రద్దీ, నాలుగు గంటల రద్దీ, అత్యంత రద్దీగా ఉండే గంట, పాదచారుల సంఖ్య, బడిపిల్లలు దాటే చోటు, జరిగిన ప్రమాదాలు వంటివి వాటిలో కొన్ని. ఒకటి కుదిరినంత మాత్రాన సిగ్నల్ పెట్టి తీరాలని లేదు. ఒక్కటీ కుదరకపోతే మాత్రం ఏ ఇంజనీరూ సంతకం పెట్టడు. కౌన్సిల్ సభ్యులు "ఇంజనీర్లు ఏమంటారో చూద్దాం" అనడం వెనుక ఉన్నది ఇదే.

మీ విషయంలో పాదచారుల వారంటు కష్టం కావచ్చు. దానికి, వాహనాలు ఎంత ఎక్కువగా ఉన్నా సరే, సాధారణంగా గంటకు వందమందికి పైగా, మీ రోడ్డులాగా వేగపరిమితి 35 మైళ్లు మించిన చోటయితే కనీసం 75 మంది దాటుతుండాలి. రోడ్డు దాటడం భయంకరంగా ఉన్నచోట జనం దాటడమే మానుకుంటారు, కనుక లెక్క ఎప్పటికీ అంతకు చేరదు. మా వృత్తిలో ఇది తెలిసిన వైపరీత్యమే. నది మీద వంతెన కావాలో వద్దో తేల్చడానికి ఈదుకుంటూ వెళ్లేవారిని లెక్కపెట్టినట్లు ఉంటుంది. బడిపిల్లల వారంటు మీకు ఎక్కువ అనుకూలం. అత్యధికంగా దాటే గంటలో కనీసం 20 మంది విద్యార్థులు దాటుతుండాలి. పిల్లలు దాటే ఆ వ్యవధిలో ఎన్ని నిమిషాలు ఉన్నాయో, సురక్షితంగా దాటడానికి సరిపడే ఖాళీలు అంతకంటే తక్కువసార్లు దొరుకుతుండాలి. దగ్గరి సిగ్నల్ 300 అడుగుల లోపల ఉంటే సాధారణంగా ఇది వర్తించదు. మీది పావు మైలు, అంటే 1320 అడుగులు కనుక ఆ అభ్యంతరం లేదు.

సరిపడే ఖాళీ అంటే ఎంత? మాన్యువల్ నడక వేగాన్ని సెకనుకు 3.5 అడుగులుగా తీసుకుంటుంది. 2009కి ముందు 4 అడుగులుగా ఉండేది. వరుసకు 12 అడుగుల చొప్పున మీ రోడ్డు వెడల్పు 60 అడుగులనుకుంటే దాటడానికి 17 సెకన్లు, చూసుకుని అడుగు వేయడానికి మూడు సెకన్లు, మొత్తం ఇరవై. మీ అత్తగారి 27 సెకన్లు అంటే సెకనుకు రెండడుగుల పైచిలుకు. మా లెక్కలు ఆవిడను దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావని ఒప్పుకోవలసిందే.

ఇంకో మాట. మీరు సిగ్నల్ అన్న పదాన్నే పట్టుకుని కూర్చోవద్దు. పాదచారి మీట నొక్కినప్పుడు మాత్రమే వెలిగి, పసుపు, ఆ తరువాత ఎరుపు చూపి వాహనాలను ఆపే హైబ్రిడ్ బీకన్ అనేది ఉంది. అరిజోనాలోని టూసాన్ నగరంలో పుట్టి, 2009 కూర్పులో మాన్యువల్‌లోకి ఎక్కింది. దాని మార్గదర్శక రేఖలు గంటకు 20 మంది పాదచారుల దగ్గరే మొదలవుతాయి. అది పెట్టిన చోట పాదచారుల ప్రమాదాలు 55 శాతం తగ్గాయని ఫెడరల్ రహదారుల సంస్థ చెబుతోంది. బోర్డు కింద మిరుమిట్లుగా మెరిసే పసుపు దీపాల పద్ధతి మరొకటి ఉంది. దానివల్ల 47 శాతం వరకు తగ్గవచ్చునని అదే సంస్థ లెక్క. అయితే ఇంత వెడల్పు, ఇంత వేగం ఉన్న రోడ్డుకు నాబోటి వారు హైబ్రిడ్ బీకన్ వైపే మొగ్గుతారు. అందువల్ల ఉత్తరంలో "సిగ్నల్ పెట్టండి" అని రాయకుండా, "ఈ చోట పాదచారుల అధ్యయనం చేయించి, హైబ్రిడ్ బీకన్‌తో సహా ప్రత్యామ్నాయాలను ఫలానా తేదీలోగా కౌన్సిల్ ముందు పెట్టించండి" అని అడగండి. అధ్యయనానికి ఒప్పుకోవడం సభ్యులకు తేలిక, కాదనడం కష్టం. అక్కడ ఇంతకుముందే అధ్యయనం జరిగి ఉంటే, ఆ నివేదికను ప్రజా సమాచార చట్టం కింద అడిగి తీసుకోండి. పది పనిదినాలలో ఇవ్వలేకపోతే ఎప్పుడు ఇస్తారో వారు రాతపూర్వకంగా చెప్పాలి. ప్రమాదాల వివరాలు రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైటులోనే వెతుక్కోవచ్చు.

ఆలస్యం మాత్రం చేయకండి. టెక్సస్‌లో చాలా నగరాల ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. వేసవి చివర బడ్జెట్ విచారణలు జరిగేసరికి మీ అధ్యయనం ఫైలులో లేకపోతే, ఎంత మంచి మాట చెప్పినా మరుసటి సంవత్సరానికి వాయిదా పడుతుంది.

సమాధానం: రెండు గొంతులు

అత్తగారి సంగతి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. తప్పకుండా మాట్లాడనివ్వాలి. పైగా, అనువాదకుని సాయంతో మాట్లాడేవారికి మిగతావారికి ఇచ్చే సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని టెక్సస్‌లో 2019 నాటి ఆ సవరణే చెబుతోంది. అప్పటికప్పుడు చెవిలో అనువాదం వినిపించే పరికరాలు ఉన్నచోట మాత్రం ఆ రెట్టింపు సమయం ఉండదు. కాలిఫోర్నియాలో కూడా ఇటువంటి నియమమే ఉంది.

గత సంవత్సరం మా నాన్నగారు ఇలాగే మాట్లాడారు. మా వీధి చివరి బస్సు స్టాపులో బెంచీ తీసేసిన విషయం. అది ఎజెండాలో ఉన్న రోజే వెళ్లాము. ఆయన పక్కన నేను నిలబడ్డాను. ఆయన ఒక వాక్యం చెప్పడం, నేను ఇంగ్లీషులో చెప్పడం. ఒక నిమిషం గడిచాక చూస్తే గడియారం మూడు నిమిషాల నుంచే కిందికి దిగుతోంది. నేను ఆగి, అనువాదానికి రెట్టింపు సమయం ఉండాలి కదా అన్నాను. మేయరు పక్కకు చూశారు, నగర న్యాయవాది తల ఊపారు, సెక్రటరీ ఆరు నిమిషాలు పెట్టారు. ఎవరూ విసుక్కోలేదు, నియమం సంగతి అక్కడ ఎవరికీ గుర్తులేదంతే. కాబట్టి మీరు కార్డు ఇచ్చేటప్పుడే, "అనువాదంతో మాట్లాడతారు" అని దాని మీద రాసి, సెక్రటరీకి నోటితో కూడా చెప్పండి.

ఇంకొకటి గమనించాను. మా నాన్నగారు మాట్లాడేటప్పుడు సభ్యులకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ అందరూ ఆయన ముఖం వైపే చూశారు. నేను ఇంగ్లీషులో చెప్పేటప్పుడు కూడా ఆయన వైపే చూశారు. అనువదించేవారు తమ సొంత మాటలు కలపకపోవడం ముఖ్యం. నేను ఒకచోట ఉత్సాహం ఆపుకోలేక రెండు వాక్యాలు చేర్చాను. నాన్నగారు నా చెయ్యి పట్టుకుని, "నేను అంత చెప్పలేదురా" అన్నారు. అది కూడా మైకులో వినబడింది.

ఆ రోజు మా అంశం మీద ఓటు జరగలేదు. మరో రెండు సమావేశాల తరువాత, చర్చ లేకుండా ఒకేసారి గంపగుత్తగా ఆమోదించే కాన్సెంట్ ఎజెండాలో పదకొండవ అంశంగా ఆ బెంచీ పనికి ఆమోదం దొరికింది. మేము హాలులో ఉండి కూడా దానిని గమనించలేదు. ప్రతి సమావేశపు ఎజెండానూ చివరిదాకా చదువుతూ ఉండమని అందుకే చెబుతున్నాను.

కాలిబాట

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. పాఠశాల వదిలే వేళ చూసుకుని, నిన్న మధ్యాహ్నం 2:40 నుంచి 3:40 వరకు నేనూ, ఎదురింటావిడా రోడ్డు పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నాము. ఆవిడ మనుషులను లెక్కపెట్టారు, నేను ఫోనులో ఖాళీలను కొలిచాను. పిల్లలు 23 మంది, పెద్దలు 14 మంది దాటారు. ఇరవై సెకన్లకు తగ్గని ఖాళీలు ఆ అరవై నిమిషాలలో 31 దొరికాయి. జీబ్రా గీతలు గారి కొలత ప్రకారం అది అరవై కంటే తక్కువే. ఒక్కరోజు లెక్క చాలదని తెలుసు కనుక వచ్చే వారం మంగళ, గురువారాలలో మళ్లీ కూర్చుంటాము.

ఉత్తరం ఒక పేజీలోనే వచ్చింది. మొదటి వాక్యంలో అధ్యయనం అడిగాను, రెండవ వాక్యంలో ఈ అంకెలు పెట్టాను. పొరుగు ఎంత మంచిదో ఎక్కడా రాయలేదు. మా వార్డు సభ్యురాలికీ, మేనేజరుకూ, ట్రాఫిక్ విభాగానికీ ఈ ఉదయం పంపించాను. అత్తగారు మాత్రం తాను చెప్పదలచుకున్నది అప్పుడే కాగితం మీద రాసుకుని, నన్ను గడియారం పట్టుకోమని ఇంట్లో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ చదువుతున్నారు. ప్రస్తుతానికి నాలుగున్నర నిమిషాలు వస్తోంది.